కుడ్యచిత్రానికి సున్నపు గచ్చుతో గోడ సిద్ధం చేయడం ఎలా?

సామాన్ల గురించి పెద్ద టెన్షన్ వద్దు. కాల్చిన సున్నపురాయి, కడిగి ఆరబెట్టిన నది ఇసుక, తాపీ, చదును చేసే చెక్క పలక, మూత ఉన్న తొట్టి, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు చాలు. గోడ మీద పాత పెయింటు, సిమెంటు ప్లాస్టరు ఉంటే ఇటుక కనిపించేదాకా చెక్కేయండి. గోడకు చెమ్మ ఎక్కుతుంటే ముందు అది ఆపాలి.

ఇక సున్నం. పని చెడేది ఇక్కడే. రాళ్లను కొద్దికొద్దిగా నీళ్లలో వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోశారో, కుతకుతలాడి ఎగిరిపడుతుంది, కళ్లు పోతాయి. ఉడుకు తగ్గాక సన్నని జల్లెడ పట్టి, పైన ఎప్పుడూ బెత్తెడు నీళ్లు నిలిచేలా మూత పెట్టండి. గాలి తగిలితే తొట్టిలోనే గట్టిపడుతుంది.

ఎన్నాళ్లు నానాలి? కనీసం మూడు నెలలు. బస్తా సున్నం తెచ్చి ఆ రోజే కలిపేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. వెల్ల వేయడానికైతే సరే, బొమ్మకు పనికిరాదు. బట్టీలో ఎక్కువ కాలిన పలుకులు నీళ్లు పీల్చడానికి చాలా కాలం తీసుకుంటాయి. అవి గచ్చులో ఉండిపోతే, బొమ్మ పూర్తయ్యాక ఎప్పుడో చెమ్మ తగిలి ఉబ్బుతాయి. ముందు చిన్న బొడిపె లేస్తుంది, తర్వాత రంగుతో సహా పెచ్చు ఊడుతుంది. గుంట అడుగున తెల్లటి పలుకు కనిపిస్తుంది. అది బొమ్మ కంటి దగ్గరే వచ్చిందనుకోండి, ఇక ఏం చేస్తారు? అందుకే వాడేముందు గ్లవ్స్ వేసుకుని వేళ్ల మధ్య నలపండి. వెన్నలా జారాలి. గరుకు తగిలితే మళ్లీ జల్లించి నానబెట్టాల్సిందే.

గట్టిదనం కోసమని ఇందులో సిమెంటు కలపొద్దు. దానిలోని లవణాలు రంగు మీద తెల్లగా పొంగుతాయి.

మిగతాది తేలిక. గోడను ముందురోజు సాయంత్రం, మళ్లీ పొద్దున తడపండి. మొదటి పూతకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ముతక ఇసుక. పైన గీతలు పెట్టి, గట్టిపడనివ్వండి. చివరి పూతకు సన్న ఇసుక, సున్నం సమపాళ్లు. చెక్క పలకతోనే చదును చేయండి. స్టీలు తాపీతో మెరిపిస్తే రంగు పట్టదు.

అజంతాలో మట్టి గచ్చు మీద పలుచని సున్నపు పూత వేసి, ఆరాకే రంగులు వేశారు. నేనైతే తడి మీదే వేయమంటాను, రంగు గచ్చులో భాగమైపోతుంది. కానీ ఆ రోజు గీయగలిగినంత మేరే పూయాలి. జేగురు, పసుపు మట్టి, మసి లాంటి సున్నాన్ని తట్టుకునే రంగులే వాడాలి. మిగిలిపోయిన పూతను బొమ్మ అంచు వెంబడి ఏటవాలుగా కోసి తీసేయండి. మర్నాటి అతుకు అక్కడ కలిసిపోతుంది.