గిటార్ ఆంప్లిఫయర్ స్వయంబోధిని – 4వ పాఠం: హెడ్‌ను క్యాబినెట్‌కు కలపడం

గత పాఠంలో హెడ్ (గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్ పెట్టె) ముందువైపు మీటలన్నీ చూశాం. ఈసారి వెనకవైపు తిప్పండి. పవర్ స్విచ్ ఆపి, ప్లగ్గు గోడ నుంచి పీకేయండి. పవర్ ఇవ్వమని నేను చెప్పేదాకా అది అలాగే ఉండాలి.

గిటార్ నుంచి హెడ్‌కు వచ్చే కేబుల్‌నూ, హెడ్ నుంచి క్యాబినెట్‌కు (స్పీకర్లున్న పెట్టెకు) వెళ్లే కేబుల్‌నూ పక్కపక్కన పెట్టండి. రెండింటికీ చివర్లలో ఉండేది సాధారణంగా అదే 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు. పైకి కవలల్లా ఉంటాయి. విప్పగలిగే ప్లగ్గులైతే మూత తిప్పి లోపల చూడండి. గిటార్ కేబుల్‌లో నడుమ సన్నని రాగి తీగ, దాని చుట్టూ వలలా అల్లిన రాగి తొడుగు ఉంటాయి. బయటి రొద లోపలికి చొరబడకుండా ఆపడం ఆ తొడుగు పని. స్పీకర్ కేబుల్‌లో తొడుగు ఉండదు, సమాన మందంగల రెండు లావు తీగలుంటాయి.

ఈ తేడా ఎందుకో లెక్క వేస్తేనే మనసుకు పడుతుంది. గిటార్ పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చే భాగం) ఇచ్చేది ఇంచుమించు ఒక వోల్టు, అందులో పారే కరెంటు ఆంపియరులో లక్షల వంతుల్లో ఉంటుంది. అదే 50 వాట్ల హెడ్ 8 ఓమ్‌ల (కరెంటుకు ఎదురయ్యే నిరోధానికి కొలత) క్యాబినెట్‌ను పూర్తి శక్తితో మోగిస్తే 20 వోల్టులు, 2.5 ఆంపియర్లు! ఆ సన్న తీగ అంత బరువు మోయడానికి పుట్టింది కాదు. కలిపిన వెంటనే ఏమీ కాకపోవచ్చు, శబ్దం కూడా బాగానే రావచ్చు. నాకు భయమంతా అక్కడే. తీగ వేడెక్కి, నడుమనున్న ప్లాస్టిక్ మెత్తబడి, తీగా తొడుగూ తగిలాయంటే షార్టే. నేను నా స్పీకర్ కేబుళ్ల రెండు చివరలకూ ఎర్ర టేపు చుట్టి ఉంచుతాను. చీకటి వేదిక మీద తొందరలో చెయ్యి తప్పకుండా కాపాడేది ఆ టేపే.

ఇక ఓమ్‌లు. హెడ్ వెనక స్పీకర్ జాక్‌ల పక్కన 4, 8, 16 అనే అంకెలు కనిపిస్తాయి. క్యాబినెట్ జాక్ దగ్గరా అలాంటి అంకె ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. క్యాబినెట్ మీది అంకె చెరిగిపోతే కేబుల్‌ను క్యాబినెట్‌కు మాత్రమే గుచ్చి, రెండో చివర ప్లగ్గు కొనకూ ఒంటికీ మల్టీమీటర్ ముళ్లు ఆనించండి. 8 ఓమ్‌ల క్యాబినెట్ 6 లేదా 7 చూపిస్తుంది, 16 ఓమ్‌లది 12 నుంచి 14 దాకా. మీటర్ కొలిచేది స్పీకర్‌లోని తీగచుట్ట నిరోధాన్ని మాత్రమే కాబట్టి ఆ తగ్గుదల సహజం, కంగారుపడకండి.

అంకెలు కలవకపోతే? ట్రాన్సిస్టర్ హెడ్‌కు ఎక్కువ ఓమ్‌ల క్యాబినెట్ తగిలిస్తే శక్తి తగ్గుతుంది, అంతే. దాని మీద రాసిన కనీస ఓమ్‌ల కన్నా తక్కువది మాత్రం తగిలించకూడదు. వాల్వ్ హెడ్ (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలతో పనిచేసేది) విషయంలో నేను సర్దుబాటు ఒప్పుకోను, అంకెకు అంకె సరిపోవాల్సిందే. ఇంకో మాట, క్యాబినెట్ కలపకుండా వాల్వ్ హెడ్‌ను వాయించకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోని శక్తికి వెళ్లే దారి ఉండదు. వోల్టేజి ఎన్నో రెట్లు ఎగబాకి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టనో, వాల్వ్ సాకెట్‌నో కాల్చేస్తుంది.

వాట్ల సంగతి తేలిక: క్యాబినెట్ తట్టుకునే వాట్లు హెడ్ వాట్ల కన్నా బాగా ఎక్కువగా ఉండాలి. బాగా పెంచి వాయించినప్పుడు వాల్వ్ హెడ్ తన మీద రాసిన అంకెను దాటుతుంది. 25 వాట్ల స్పీకర్లు నాలుగున్న క్యాబినెట్ 100 వాట్లు తట్టుకుంటుంది, 50 వాట్ల హెడ్‌కు అది నిశ్చింత.

ఇప్పుడు కలపండి. ‘స్పీకర్’ అని రాసిన జాక్‌లోనే గుచ్చాలి. వేరే పరికరాలకు కలపడానికి ఉండే లైన్ అవుట్, ఎఫెక్ట్స్ లూప్ జాక్‌లు కూడా అచ్చం అలాగే ఉంటాయి, జాగ్రత్త. రెండు చివరలూ టక్కుమని కూర్చున్నాయని చేత్తో నొక్కి చూసి, వాల్యూమ్ సున్నాకు తిప్పి, అప్పుడే పవర్ ఇవ్వండి. వాల్వ్‌లు వేడెక్కేదాకా శబ్దాన్ని ఆపి ఉంచే స్టాండ్‌బై మీట ఉంటే ఒక నిమిషం ఆగి తెరవండి. మధ్యలో కేబుల్ మార్చాలంటే మళ్లీ పవర్ ఆపాకే.

ఈ వారం అభ్యాసం: మీ క్యాబినెట్‌ను మీటర్‌తో కొలిచి, వచ్చిన అంకెనూ క్యాబినెట్ మీది అంకెనూ పక్కపక్కన రాసుకోండి. వచ్చే పాఠంలో ఒకే హెడ్‌కు రెండు క్యాబినెట్లు కలుపుతాం. 16 ఓమ్‌లవి రెండు సమాంతరంగా కలిపితే హెడ్ వెనక ఏ అంకె ఎంచుకోవాలో ఈలోగా లెక్కకట్టి ఉంచండి.