ఫ్లాస్క్‌తో వెబ్ యాప్ – 3వ పాఠం: పలుకుతున్నది ఏ పైథాన్?

ఈసారి ఫారాలు మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం తర్వాత వచ్చిన ప్రశ్నలు చూశాక, ఫారాలను పాఠం చివరికి నెట్టాను. ఎక్కువమంది ఒకే చోట ఆగిపోయారు. వెబ్ యాప్‌లు కట్టే పైథాన్ లైబ్రరీ ఫ్లాస్క్ ఇన్‌స్టాల్ అయిందని టెర్మినల్ చెబుతోంది, ప్రోగ్రాం నడిపితే ‘నో మాడ్యూల్ నేమ్డ్ ఫ్లాస్క్’ అంటోంది. రెండూ నిజమే. ఇన్‌స్టాల్ అయింది ఒక పైథాన్‌లో, మీరు నడుపుతున్నది ఇంకో పైథాన్‌ని.

ఎప్పటిలాగే కమాండ్లను పలికినట్టే రాస్తున్నాను. మీరు టెర్మినల్లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

కంప్యూటర్లో పైథాన్ ఒక్కటే ఉంటుందని అనుకోకండి. సిస్టమ్‌తో వచ్చింది ఒకటి, మీరు డౌన్‌లోడ్ చేసుకున్నది ఒకటి, పోయిన పాఠంలో ఈ ప్రాజెక్ట్‌కే విడిగా మనం చేసిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోది మరొకటి. దేని లైబ్రరీలు దానివే. ఉత్తగా ‘పిప్ ఇన్‌స్టాల్ ఫ్లాస్క్’ అని కొడితే ఆ పిప్ (లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పనిముట్టు) వీటిలో దేనిదో మీకు తెలియదు. అందుకే నేను ఎప్పుడూ ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ ఫ్లాస్క్’ అనే కొడతాను. ఏ పైథాన్‌ని పిలిచామో దాని పిప్పే కదులుతుంది. సర్వర్‌ని కూడా అలాగే లేపుతాను: ‘పైథాన్ -ఎం ఫ్లాస్క్ రన్ --డీబగ్’.

అనుమానం వస్తే ఊహించుకుంటూ కూర్చోవద్దు, అడగండి. ఫైలు మొదట్లో ‘ఇంపోర్ట్ సిస్’ అని రాసి, ఆ కింద ‘సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్’‌ని ప్రింట్ చేయించండి. వచ్చిన దారిలో (నడుస్తున్న పైథాన్ ఉన్న చోటు) మీ ప్రాజెక్ట్ ఫోల్డర్, దాని లోపల మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్ కనిపించాలి. కనిపించకపోతే జబ్బు దొరికినట్టే.

‘నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయడం లేదు’ అని రాసినవాళ్లు చాలామంది కొత్త టెర్మినల్ తెరిచి యాక్టివేట్ చేయడం మరిచారు. యాక్టివేట్ చేసే అసలు పని ఒక్కటే: కమాండ్లను వెతికే ఫోల్డర్ల వరుసలో మీ ఎన్విరాన్‌మెంట్‌ని అన్నిటికంటే ముందు నిలబెడుతుంది. అది కూడా ఆ ఒక్క టెర్మినల్ కిటికీకే. వీఎస్ కోడ్‌లో రన్ బటన్ నొక్కేవాళ్లు ‘సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ దగ్గరికి వెళ్లి, సరైన పైథాన్‌ని విడిగా ఎంచుకోవాలి.

విండోస్ పవర్‌షెల్ ‘స్క్రిప్టులు నడపడానికి అనుమతి లేదు’ అని మొండికేస్తే సెట్టింగులు మార్చక్కర్లేదు. యాక్టివేట్ చేయకుండానే, ఎన్విరాన్‌మెంట్ లోపల ‘స్క్రిప్ట్స్’ ఫోల్డర్లో ఉన్న పైథాన్‌ని పూర్తి దారితో పిలవండి. ఫలితం అదే. ఉబుంటు, డెబియన్ కొత్త వెర్షన్లలో ‘ఎక్స్‌టర్నలీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఎర్రర్ వచ్చినవాళ్లకు ఒక మాట గట్టిగా చెబుతున్నాను. దాన్ని దాటడానికి ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అనే ఆప్షన్ ఉంది, వాడొద్దు. పేరులోనే హెచ్చరిక ఉంది. మీరు ఎన్విరాన్‌మెంట్ బయట ఉన్నారని ఆ ఎర్రర్ చెబుతోంది. లోపలికి వెళ్లండి.

ఫ్లాస్క్ లాంటిదే ఇంకో లైబ్రరీ అయిన జాంగోకి మారితే ఈ గొడవ పోతుందా అని కూడా అడిగారు. పోదు. జాంగో 2005లో బయటికొచ్చింది. ఒక వార్తాపత్రిక వెబ్ పనుల్లోంచి పుట్టింది కాబట్టి డేటాబేస్ పొర, అడ్మిన్ పేజీ, లాగిన్ అన్నీ వెంట తెచ్చుకుంటుంది. 2010లో వచ్చిన ఫ్లాస్క్ మాత్రం పేజీ దారి (యూఆర్ఎల్), దానికి జవాబిచ్చే ఫంక్షన్, టెంప్లేట్ (పేజీ అచ్చు) దగ్గర ఆగిపోతుంది. నేర్చుకునేటప్పుడు ఏ లైను ఎందుకుందో తెలియాలి, అందుకే ఫ్లాస్క్‌తో మొదలుపెట్టాను. అయినా రెండూ పైథాన్ లైబ్రరీలే, రెండిటినీ పైథాన్ వెతికేది ఒకే చోట.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే విషయం. దయచేసి మీ ఫైలుకి ‘ఫ్లాస్క్ డాట్ పీవై’ అని పేరు పెట్టకండి. ఫ్లాస్క్ నేర్చుకుంటున్నాం కాబట్టి ఆ పేరే చేతికొస్తుంది, తెలుసు. కానీ మీరు ఒక ఫైలుని నేరుగా నడిపినప్పుడు, పైథాన్ లైబ్రరీల కోసం ముందుగా చూసేది ఆ ఫైలున్న ఫోల్డర్లోనే. మొదటి లైనులో ‘ఫ్రమ్ ఫ్లాస్క్ ఇంపోర్ట్ ఫ్లాస్క్’ అని ఉంది. ఫ్లాస్క్ అనే పేరుతో పక్కనే ఫైలు ఉంది. పైథాన్ దాన్నే తెరుస్తుంది. దాని మొదటి లైనులో మళ్లీ అదే మాట. అప్పుడు పైథాన్ 3.12 వరకైతే ‘పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్’, ‘సర్క్యులర్ ఇంపోర్ట్’ అంటూ బెదరగొట్టే ఎర్రర్ వస్తుంది; 3.13 నుంచి ఫైలు పేరు మార్చి చూడమని ఎర్రరే చెబుతుంది. అది చూసి లైబ్రరీ పాడైందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఎన్నిసార్లు చేసినా అదే ఎర్రర్. ఆ ఎర్రర్ చివరి లైను చదవండి: బ్రాకెట్లో ఒక ఫైలు దారి ఉంటుంది, అది మీ ఫైలుదే.

ఇది ఫ్లాస్క్‌కే పరిమితం కాదు. ‘ర్యాండమ్’, ‘జేసన్’, ‘ఈమెయిల్’ అని పేర్లు పెట్టినా ఇదే తంతు. ఇంకా కష్టమేమిటంటే, ‘ఈమెయిల్’ మీరు ఇంపోర్ట్ చేయకపోయినా, వేరే లైబ్రరీ చేసుకుంటుంది. అప్పుడు ఎర్రర్ మీరెప్పుడూ తెరవని ఫైలులోంచి వస్తుంది. పేరు మార్చాక పైకాష్ ఫోల్డర్‌ని (పైథాన్ తన కోసం తయారుచేసుకున్న కాపీలు దాచుకునే చోటు) చెరపాలా అంటే, అక్కర్లేదు. అసలు ఫైలు లేనప్పుడు అందులోని పాత కాపీని పైథాన్ పట్టించుకోదు. ‘యాప్ డాట్ పీవై’ అని పెట్టుకోండి. మీరేమీ చెప్పకుండానే ఫ్లాస్క్ ఆ పేరుని వెతుక్కుంటుంది.

ఇప్పుడు ఫారం. హెచ్‌టీఎంఎల్ ఎలా రాయాలో మీకు తెలుసు. ‘మెథడ్’ దగ్గర పోస్ట్ (సర్వర్‌కి సమాచారం పంపే పద్ధతి; మామూలుగా పేజీ అడిగేది గెట్) అని రాసి పంపితే 405 అనే ఎర్రర్ వస్తుంది. దారి తప్పయితే 404 వచ్చేది. 405 అంటే దారి ఉంది గానీ ఈ పద్ధతిలో రావద్దని అర్థం. మీరు వేరే చెప్పకపోతే ఫ్లాస్క్ ఆ దారికి పోస్ట్‌ని రానివ్వదు. డెకరేటర్‌లో (ఫంక్షన్ పైన @తో మొదలయ్యే లైను) దారి తర్వాత ‘మెథడ్స్’ అనే జాబితా ఇచ్చి గెట్, పోస్ట్ రెండూ చేర్చండి. ఫంక్షన్ లోపల ‘రిక్వెస్ట్ డాట్ మెథడ్’ పోస్ట్ అయితే ‘రిక్వెస్ట్ డాట్ ఫారం’లోంచి, చదరపు బ్రాకెట్లలో ఇన్‌పుట్ పేరు రాసి విలువ తీసుకోండి, తర్వాత రీడైరెక్ట్ చేయండి, అంటే వేరే పేజీకి మళ్లించండి. రీడైరెక్ట్ చేయకపోతే, పేజీని రిఫ్రెష్ చేసినప్పుడు అదే ఫారం రెండోసారి వెళ్లే ప్రమాదం ఉంది.

మాక్‌లో ఫ్లాస్క్ వాడే 5000 పోర్ట్ ఖాళీ లేదంటే దాన్ని ఎయిర్‌ప్లే రిసీవర్ పట్టుకుని ఉండొచ్చు. ‘--పోర్ట్ 5001’ చేర్చండి.

అభ్యాసం కాస్త గట్టిదే. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ని పూర్తిగా చెరిపేసి, పాత పాఠం చూడకుండా మళ్లీ కట్టండి. తర్వాత పేరు అడిగి, రీడైరెక్ట్ అయిన పేజీలో ఆ పేరు చూపించే ఫారం రాయండి. అది పనిచేశాక దాన్నే కావాలని చెడగొట్టండి: ఒకసారి 404, ఒకసారి 405, సర్వర్‌ని ‘--డీబగ్’ లేకుండా లేపి, ఇన్‌పుట్‌కి ఉన్న ‘నేమ్’ తీసేసి 400, ఫంక్షన్‌లో సున్నాతో భాగించి 500. ప్రతిసారీ బటన్ నొక్కేముందే టెర్మినల్లో ఏ లైన్లు, ఏ వరుసలో వస్తాయో కాగితం మీద రాసుకోండి. రీడైరెక్ట్‌కి ఒకటి కాదు, రెండు లైన్లు రావాలి. రెండోది ఎవరు పంపారో చెప్పగలిగితేనే 4వ పాఠానికి రండి. అందులో టెంప్లేట్లు చేద్దాం. ‘టెంప్లేట్స్’ అని, చివర ఎస్‌తో, యాప్ ఫైలు పక్కనే ఒక ఫోల్డర్ ఇప్పుడే తెరిచి ఉంచండి.