ఫోర్కు గట్టిగా ఉందా, కూర్చుండిపోయిందా?

నా బండి హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో, రాళ్లూ మట్టిదారుల్లో తిప్పే మోటార్‌సైకిల్. ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగేదే ఫోర్కు. మామూలు మోడల్‌కి అది 190 మి.మీ. కదిలితే దీనికి 250 మి.మీ. కదులుతుంది. పైగా ప్రీలోడ్ (స్ప్రింగు ముందే ఎంత బిగిసి ఉండాలి), కంప్రెషన్ (ఫోర్కు ఎంత వేగంగా దిగాలి), రీబౌండ్ (ఎంత వేగంగా తిరిగి లేవాలి) మూడూ మనమే మార్చుకోవచ్చు. కొన్న కొత్తలో ఈ సౌకర్యాన్ని నేను ఎంత బాగా వాడుకున్నానంటే, ఆరు నెలలపాటు ఉన్న బండిని ఉన్నట్టు ఉండనివ్వలేదు.

ఒకరోజు వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో రాళ్ల దారి దిగుతున్నాం. కొబ్బరికాయంత రాళ్లు, మధ్యమధ్యలో చెట్ల వేళ్లు. పది నిమిషాలకే మణికట్లు పట్టేశాయి. ఫోర్కు గట్టిగా ఉందనుకుని బండి ఆపి కంప్రెషన్ స్క్రూని రెండు క్లిక్కులు వదులు చేశాను. ఇంకా ఘోరంగా తయారైంది. మరో రెండు వదిలాను. ఈసారి వేళ్లు మొద్దుబారి క్లచ్ కూడా సరిగా అందలేదు. వెనకాలే వస్తున్న కుర్రాడు పక్కన ఆపి, "అన్నా, నీ ఫోర్కు కూసుండిపోతుంది. రాయి దాటినంక మళ్ల లేస్తలేదు" అన్నాడు.

అప్పుడు తెలిసింది అసలు కథ. రాయి తగలగానే ఫోర్కు నొక్కుకుంటుంది. అది మళ్లీ లేచేలోపే ఇంకో రాయి తగిలితే ఇంకాస్త దిగుతుంది. ఐదారు రాళ్లు వరసగా వచ్చాయంటే చివరి రాయికి ఫోర్కులో దిగడానికి జాగాయే ఉండదు, దెబ్బంతా నేరుగా చేతుల్లోకి వస్తుంది. చేతికి అది గట్టి ఫోర్కులాగే తెలుస్తుంది కానీ రోగం కంప్రెషన్‌ది కాదు, రీబౌండ్‌ది. నేను కంప్రెషన్ వదులు చేసినకొద్దీ అది మరింత లోతుకు దిగి అక్కడే కూర్చుంది. నాలుగు క్లిక్కులూ వెనక్కి తిప్పేసి, రీబౌండ్ మూడు క్లిక్కులు వదిలి అదే దిగుడు మళ్లీ దిగాను. చేతులు తేలికపడ్డాయి.

కాబట్టి స్క్రూడ్రైవర్ తీసేముందు ఇది గమనించండి. మొదటి రాయికే ఠంగుమని కొడితే కంప్రెషన్ బిగుసుగా ఉంది. మొదటి రెండు మూడూ మెత్తగా పోయి, ఆ తర్వాత కొట్టడం మొదలైతే రీబౌండ్ నెమ్మదిగా ఉంది. రాయి దాటాక హ్యాండిల్ ఎగిరి ఛాతీ మీదికొస్తే రీబౌండ్ మరీ వేగంగా ఉంది. టైరులో గాలి కూడా ముందే చూసుకోండి. రోడ్డుకు పెట్టిన గాలితోనే రాళ్లలోకి దిగితే ఏ ఫోర్కైనా గట్టిగానే అనిపిస్తుంది.

ఇక పని. ముందు మాన్యువల్ చూసి ఏ స్క్రూ ఎక్కడుందో తెలుసుకోండి, ఒక్కో బండికి ఒక్కోచోట ఉంటుంది. ఇప్పుడున్న సెట్టింగు రాసుకోవాలి. స్క్రూని గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా, ఆగేదాకా తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టండి. ఆగాక బలవంతం చేయొద్దు, లోపలి సూది పాడవుతుంది. మళ్లీ అన్నే క్లిక్కులు వెనక్కి తిప్పితే మొదటికొస్తారు. బిగించే వైపు తిప్పితే కదలిక నెమ్మదిస్తుంది, వదిలే వైపు తిప్పితే వేగం పెరుగుతుంది. కంప్రెషన్, రీబౌండ్ రెండు స్క్రూలకీ ఇదే సూత్రం.

క్లిక్కుల జోలికి పోకముందు శాగ్ చూడాలి. మీ బరువుకి ఫోర్కు ఎంత దిగుతుందన్నదే శాగ్. ముందు చక్రం గాల్లో ఉండేలా బండిని ఎత్తి, ఇరుసు నుంచి, ఫోర్కు గొట్టాల్ని పట్టి ఉంచే కింది క్లాంపు దాకా టేపుతో కొలవండి. తర్వాత బండిని దించి, బూట్లు, హెల్మెట్, నీళ్ల సంచీ అన్నీ తగిలించుకుని ఫుట్‌పెగ్గుల మీద నిలబడండి. ఒకరు బండి పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. మా ఇంట్లో టేపు పట్టుకునేది మా ఆవిడ, అంకె చెప్పేముందు పొట్ట గురించి ఓ మాట కూడా అంటుంది. రెండు కొలతల తేడా మొత్తం కదలికలో మూడో వంతుకి కాస్త తక్కువ ఉంటే చాలు, 250 మి.మీ. ఫోర్కుకి 75 మి.మీ. దరిదాపుల్లో అన్నమాట. ఎక్కువ దిగితే ప్రీలోడ్ బిగించాలి, తక్కువ దిగితే వదలాలి. ప్రీలోడ్ మొత్తం బిగించినా ఇంకా దిగుతుంటే ఆ స్ప్రింగు మీ బరువుకి చాలదని అర్థం. ఎన్ని క్లిక్కులు తిప్పినా లాభం లేదు, స్ప్రింగు మార్చాల్సిందే.

తర్వాత రీబౌండ్, ఆఖర్న కంప్రెషన్. ఒకసారి ఒక్క స్క్రూనే, అదీ రెండు క్లిక్కులే తిప్పి, అదే దారిలో అదే వేగంతో మళ్లీ వెళ్లి చూడాలి. రెండూ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో ఆ దేవుడికి కూడా తెలియదు.

రాళ్లలో నేను మామూలు సెట్టింగు నుంచి కంప్రెషన్ రెండు, రీబౌండ్ రెండు మూడు వదులుతాను. ఇసుక దీనికి పూర్తిగా వేరు. మా అత్తగారి ఊరు తాడిపత్రి పక్క. ఏప్రిల్లో ఎండిన పెన్నలోకి మొదటిసారి రాళ్ల సెట్టింగుతోనే దిగాను. యాక్సిలరేటర్ వదలగానే ముందు చక్రం నాగలిలా ఇసుకలోకి దిగింది, నేను హ్యాండిల్ మీదుగా వెళ్లి పడ్డాను. ఇసుకలో ముందు భాగం ఎత్తుగా నిలబడాలి. కంప్రెషన్ మూడు నాలుగు క్లిక్కులు బిగించాలి, రీబౌండ్ మహా అయితే ఒకటి. ఫోర్కు గొట్టాలు పై క్లాంపు మీదికి పొడుచుకుని ఉంటే ఐదు మి.మీ. కిందికి జార్చుకోవచ్చు. మలుపు తిప్పడం కాస్త బరువవుతుంది గానీ బండి తిన్నగా పోతుంది. రెండు గొట్టాలూ సమానంగా ఉన్నాయో లేదో కొలిచాకే బోల్టులు బిగించండి.

రేగడి బురదలో క్లిక్కులతో ఒరిగేదేమీ లేదు. తాండూరు వైపు వానాకాలంలో చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి పట్టి చక్రమే తిరగదు. ఆ మట్టి బరువుకి కంప్రెషన్ ఒక క్లిక్కు బిగించి ఊరుకుంటాను. ఇంటికి రాగానే ఫోర్కు సీళ్ల దగ్గర మట్టి ఎండకముందే కడగడం ముఖ్యం. ఎండిన మట్టి సీలుని గీసిందంటే నూనె కారడం మొదలవుతుంది.

ఇంకో సంగతి. పంక్చర్‌కని ముందు చక్రం విప్పి మళ్లీ బిగించాక ఫోర్కు బిరుసుగా అనిపిస్తే క్లిక్కుల్ని అనుమానించకండి. ఇరుసు అడుగున ఉండే పించ్ బోల్టు వదులు చేసి, ముందు బ్రేకు పట్టి ఫోర్కుని ఐదారుసార్లు గట్టిగా కిందికి నొక్కండి. ఫోర్కు రెండు గొట్టాలూ వాటంతట అవే వరసలోకి వస్తాయి, అప్పుడు బోల్టు బిగించండి. ఓసారి ఇది తెలియక ఒక షాపులో ఫోర్కు నూనె మార్పించి డబ్బులు కట్టొచ్చాను.

నా సెట్టింగులన్నీ సీటు కింద మాస్కింగ్ టేపు మీద పెన్నుతో రాసి ఉంటాయి: రాళ్లు, ఇసుక, రోడ్డు. రాసి ఉన్నా అనంతగిరి నుంచి తిరిగొచ్చేటప్పుడు రోడ్డు సెట్టింగుకి మార్చడం ప్రతిసారీ మర్చిపోతాను. చేవెళ్ల దగ్గర ఏ బస్సో అడ్డమొచ్చి బ్రేకు నొక్కితే ముక్కు నేలకి వంగుతుంది, అప్పుడు గుర్తొస్తుంది. అక్కడి మర్రిచెట్ల కింద ఆపి, స్క్రూడ్రైవర్ తీసి, వదిలిన క్లిక్కులన్నీ మళ్లీ బిగిస్తాను.