వంశధార తేట నీటిలో స్కూబా: లోతు లేని మడుగుల్లో దిగేవారికి సూచనలు

గుణుపూరు దగ్గర వంశధార, పర్లాకిమిడి పక్కన మహేంద్రతనయ, రాయగడ వద్ద నాగావళి వానాకాలమంతా ఎర్రగా పారి, కార్తీకం దాటాక తేటపడతాయి. మాఘం వరకు ఇసుక మేటల నడుమ కొన్ని మడుగుల్లో అడుగున ఉన్న గులకరాళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. రెండు మూడు మీటర్ల లోతే కదా అన్న ధైర్యంతో, శిక్షణ లేకుండా అరువు తెచ్చిన స్కూబా పరికరాలతో (వీపున గాలి సిలిండర్, నోటికి దాని గొట్టం) దిగడం మాత్రం ప్రాణాంతకం కావచ్చు.

కారణం గాలి ఒత్తిడి. మూడు మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం కంటే దాదాపు 30 శాతం ఎక్కువ. అక్కడ సిలిండర్ నుంచి నిండుగా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి తేలితే ఆ గాలి అంత మేరకూ వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. మనిషి ఎత్తు నీటిలోనూ ఈ గాయం జరిగే అవకాశం ఉంది. అందువల్ల రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే సాధనం) నోట్లో ఉన్నంతసేపూ ఊపిరి ఆడుతూనే ఉండాలి. ఈ అలవాటు చదివితే రాదు. గుర్తింపు ఉన్న శిక్షకుని దగ్గర ఓపెన్ వాటర్ అనే స్కూబా ప్రారంభ కోర్సులో నేర్చుకోవాలి. మన ప్రాంతం వారికి అందుబాటులో ఉన్నది విశాఖపట్నం.

సిలిండర్‌ను స్కూబా గాలి నింపే కేంద్రంలోనే నింపించాలి. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్‌తో నింపిన గాలిలో నూనె ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ కలిసే ప్రమాదం ఉంది. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ అసలే పనికిరాదు. దానికోసం శుభ్రం చేయని పరికరాల్లో అది నిప్పు పుట్టించగలదు.

చోటు ఎంచుకునే ముందు ఆ రేవులో వల వేసే జాలరులను తప్పక అడగాలి. “అన్నా, ఈ మడుగులో వలలేమైనా ఉన్నాయా, మొసలి కనబడిందా, సుడి ఎక్కడ ఉంటుంది?” అన్న ప్రశ్నలకు వారి దగ్గర దొరికే సమాధానం మరెక్కడా దొరకదు. నీటిలో చిక్కుపడి వదిలేసిన నైలాను వల తేట నీటిలో కూడా కంటికి ఆనదు కనుక, దాన్ని కోసే చిన్న కత్తి చేతికి అందేచోట కట్టుకోవాలి. కూలిన చెట్ల కొమ్మల గుండా నీరు పారే చోటికి దగ్గరగా పోకూడదు. ప్రవాహం మనిషిని కొమ్మలకు అదిమితే విడిపించుకోవడం కష్టం. ఇసుక తవ్విన గోతుల అంచులు కూలుతాయి కాబట్టి వాటినీ వదిలేయాలి. గుణుపూరులో ఎండ కాస్తున్నా ఎగువన కలహండి కొండల్లో వాన పడి ఉంటే ఆ రోజు దిగవద్దు.

ప్రవాహ వేగాన్ని ఎండుటాకుతో కొలవవచ్చు. ఒడ్డున పది మీటర్లు గుర్తు పెట్టి, ఆకును నీటిలో వేసి సెకన్లు లెక్కపెట్టాలి. ఇరవై సెకన్లలో దాటిందంటే వేగం గంటకు 1.8 కిలోమీటర్లు, దానికి ఎదురీదడం శిక్షణ పొందినవారికీ అలసట. నలభై సెకన్లు దాటితేనే కొత్తవారు దిగడం మంచిదని నా అభిప్రాయం.

మంచినీటి సాంద్రత సముద్రపు నీటి కంటే సుమారు రెండున్నర శాతం తక్కువ. మనిషి, సామగ్రి కలిపి 90 కిలోలుంటే, సముద్రంలో మునగడానికి కట్టుకున్న సీసపు బరువులో రెండు కిలోలకు పైగా తగ్గించాలి. ఒడ్డు దగ్గరే దీన్ని సరిచూసుకోవాలి: బీసీడీ (గాలి నింపితే తేల్చే జాకెట్టు)లోని గాలి పూర్తిగా వదిలి, మామూలుగా ఊపిరి పీల్చి కదలకుండా నిలిస్తే నీరు కంటి మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. సిలిండర్‌లో గాలి ఖర్చయ్యే కొద్దీ రెండు కిలోలకు పైగా తేలికవుతుంది కాబట్టి, నిండు సిలిండర్‌తో చూసుకున్నవారు ఆ మేరకు బరువు కలుపుకోవాలి. బరువు ఎక్కువైతే మోకాళ్లు అడుగున తగిలి ఒండ్రు లేస్తుంది. చూడాలని వచ్చిన తేట నీరు కాస్తా మసకబారుతుంది.

దిగేటప్పుడు జంటగా దిగి, తాడుతో ఒకరిని ఒడ్డున కాపలా ఉంచాలి. ముందుగా ఎగువకే ఈదాలి. తిరుగు దారిలో అలసిన శరీరాన్ని నీరే తీసుకొస్తుంది. కాళ్లు పైకీ కిందకీ కొట్టకుండా కప్పలా పక్కలకు తోస్తే ఇసుక లేవదు. రాయి పక్కన ఆగి కదలకుండా ఉంటే, బెదిరి పోయిన చిరుచేపలు తిరిగి వస్తాయి. రాళ్ల సందుల్లో రొయ్యలు మీసాలు ఆడించడం కనిపిస్తుంది. మాస్కులో నుంచి ప్రతిదీ మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది కనుక కొమ్మల దూరాన్ని తప్పుగా అంచనా వేయకూడదు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో గాలి ఉంటే ఈ లోతులో గంట వరకు సరిపోవచ్చు, కానీ ఎదురీదితే త్వరగా తరుగుతుంది. సూచిక 50 బార్‌కు చేరేలోపే ఒడ్డెక్కాలి.

పైకొచ్చాక చెవులు ఆరబెట్టుకుని, గీసుకుపోయిన చోట్లను సబ్బుతో కడగాలి. పశువులు దిగే ఏటి నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జ్వరం సోకవచ్చు. తర్వాతి నెల రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎరుపు కనిపిస్తే, ఏటిలో దిగిన సంగతి వైద్యునికి మొదటే చెప్పాలి.