సర్కిట్‌లో కదలని చుక్కతోనే భయం

వైజాగ్ ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్ళే మా మావయ్య ఎప్పుడో చెప్పాడు, దూరంగా ఉన్న ఓడ ఏదో ఒక పక్కకి జరుగుతున్నట్టు కనిపిస్తే పర్లేదు, జరక్కుండా అక్కడే ఉండి పెద్దదవుతోందంటే మాత్రం మన మీదకే వస్తోందిరా అని. ఫ్లయింగ్ నేర్చుకునేటప్పుడు ఇదే సంగతి క్లాసులో బొమ్మలు గీసి చెప్పారు గానీ నాకు గుర్తున్నది మావయ్య మాటే. కదిలేదాన్ని కన్ను దానంతటదే పట్టుకుంటుంది, గుద్దబోయేది కదలదు. అద్దం మీద పురుగు మరకలా అలాగే ఉండి చివరి కొన్ని సెకన్లలో ఒక్కసారిగా పెద్దదైపోతుంది. అందుకే ఎగిరేముందు అద్దం తుడుచుకోండి, నవ్వకండి.

సర్కిట్ అంటే దిగడానికి రన్‌వే పక్కన దీర్ఘచతురస్రంలా తిరిగే దారి. అందులో అందరూ దాదాపు ఒకే వెయ్యి అడుగుల ఎత్తులో తిరిగి ఒకే రన్‌వేకి వస్తారు. చిన్న విమానాలు గుద్దుకునేది ఎక్కువగా మబ్బుల్లో కాదు, ఎండ బాగా కాసే పగటిపూట, ఎయిర్‌పోర్టు దగ్గర్లో. చెరో 90 నాట్ల వేగంతో (గంటకి దాదాపు 167 కిలోమీటర్లు) ఎదురెదురుగా వస్తే మధ్యలో ఉన్న కిలోమీటరు 11 సెకన్లలో అయిపోతుంది. చూసి, అర్థం చేసుకుని, విమానం నిజంగా పక్కకి తిరిగేసరికి దాదాపు 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్క. మీరే చూసుకోండి.

కళ్ళు గబగబా తిప్పేస్తే ఏమీ కనపడదు. ఆకాశాన్ని పది డిగ్రీల ముక్కలుగా చూడండి, ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను ఆగండి.

రెక్క సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. ఒకసారి సెస్నా 172 అనే చిన్న విమానంలో సోలోగా, డౌన్‌విండ్ (రన్‌వే పక్కనే దానికి సమాంతరంగా వెళ్ళే భాగం) నుంచి ఎడమకి, బేస్‌కి (రన్‌వే దారికి అడ్డంగా వెళ్ళే భాగం) తిప్పాను, పైన ఉండే రెక్క కదా, దిగి ఆ వైపంతా మూసేసింది. లెవెల్ చేశాక చూస్తే నాకంటే లోపలగా చిన్న సర్కిట్ వేసుకున్న విమానం, తోక మీద అక్షరాలు చదవగలిగేంత దగ్గర్లో! కాళ్ళు వణికాయి. అప్పటినుంచి తిప్పేముందు ఆ రెక్క కొంచెం లేపి చూస్తాను. రెక్క కిటికీల కంటే కింద ఉండే విమానాల్లో కింద ఉన్నది కనపడదు, అంటే ఫైనల్‌లో (రన్‌వేకి నేరుగా దిగే చివరి భాగం) అలాంటి విమానం పైనా సెస్నా కిందా ఉంటే ఇద్దరికీ ఒకరికొకరు కనపడరు.

మన వైజాగ్‌లో నేవీ వాళ్ళ కంట్రోల్ టవర్ ఉంది కాబట్టి ఎవరెక్కడున్నారో వాళ్ళు చెప్తారు. టవర్ లేనిచోట రేడియో కాల్స్ ఇవ్వాల్సిందే, కానీ వాటినే నమ్ముకోవద్దు. 2022లో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో సర్కిట్‌లో ఉన్న సెస్నా 152నీ, నేరుగా ఫైనల్‌కి దాదాపు 180 నాట్లతో వచ్చిన సెస్నా 340నీ నడిపేవాళ్ళిద్దరూ కాల్స్ ఇస్తూనే ఉన్నారు. అయినా గుద్దుకుని ముగ్గురు చనిపోయారు.

ఫైనల్‌లో కిందున్నవాడిదే ముందు, అలాగని కావాలని కిందకి దిగి దూరిపోకూడదు. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికే తిప్పాలి. ముందున్న విమానం కనపడకుండా పోయిందా, బేస్‌కి తిప్పొద్దు, ఆ మాట రేడియోలో చెప్పేసి, అది కనపడేదాకా డౌన్‌విండ్‌లోనే సాగండి.