ఏటిగట్టు మీద తైలవర్ణాలు: సమస్య – పరిష్కారం

వేసవి శిబిరాలకు వచ్చేవారికి కాన్వాసు బిగించుకోవడం, రంగులు కలుపుకోవడం, కుంచెలు కడుక్కోవడం తెలిసే ఉంటాయి కనుక వాటి జోలికి పోవడం లేదు. ధవళేశ్వరం దిగువన ఏటిగట్ల మీద, కోనసీమ కాలువల పక్కన కూర్చుని వేసిన బొమ్మల గురించి ఏటా వినిపించే ఫిర్యాదులకే ఈ వ్యాసం పరిమితం. రంగుల కంపెనీని తిట్టుకుని కొత్త ట్యూబులు కొనే ముందు వీటిని చూసుకోవాలి.

సమస్య: గట్టు మీద బాగున్న బొమ్మ గదిలోకి తెచ్చాక నల్లబడింది

ముందుగా చూడవలసింది ఒక్కటే: వేస్తున్నంతసేపూ కాన్వాసు మీద ఎండ పడిందా? పదిమందిని అడిగితే తొమ్మిదిమంది దీన్ని గమనించలేదనే చెబుతారు. నడి ఎండలో వెలుగు లక్ష లక్సుల (వెలుగును కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది, గదిలో కొన్ని వందలకు మించదు. అంత ఎండలో ప్రతి రంగూ ఉన్నదానికన్నా లేతగా కనిపిస్తుంది కాబట్టి చెయ్యి దానంతటదే ముదురు రంగు కలుపుతుంది. కాన్వాసు వీపు సూర్యుడి వైపు ఉండేలా ఈజిల్‌ను (కాన్వాసును నిలబెట్టే చట్రాన్ని) తిప్పి, ప్యాలెట్‌ను (రంగులు కలిపే పలకను) కూడా అదే నీడలోకి తెచ్చుకోవాలి. రెండింటిలో ఒకటి ఎండలోనూ ఒకటి నీడలోనూ ఉంటే కష్టం రెట్టింపవుతుంది. పలచటి కాన్వాసైతే వెనక పడిన ఎండ బట్టలోంచి దూసుకొచ్చి ముందువైపు వెలుగుతూ ఉంటుంది కనుక, వెనక ఒక అట్టముక్క దోపాలి.

సమస్య: ఎండ పడలేదు, అయినా రంగులన్నీ ఒకే వైపు జరిగిపోయాయి

ఈజిల్, ప్యాలెట్ నీడలోనే ఉన్నాయంటారు, అది నిజమే. అయినా ఇంటికి తెచ్చేసరికి ఆకాశం ఆకుపచ్చ తిరిగిందనో, ఇసుక నారింజ రంగులోకి వెళ్ళిందనో వాపోతారు. అనుభవం ఉన్నవారు సైతం బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే దోషం ఆ నీడలోనే ఉంది.

ఎర్ర గొడుగు కింద పడే వెలుగు ఎర్రగానే ఉంటుంది. కంటికి అది కాసేపట్లో అలవాటైపోయి, కాన్వాసు తెల్లగానే ఉందని మనల్ని నమ్మిస్తుంది. కానీ ఎదురుగా ఉన్న లంక ఇసుక మీద పడేది తెల్లటి ఎండ, ప్యాలెట్ మీద పడేది గొడుగు వడకట్టిన వెలుగు. ఆ ఇసుకతో పోల్చి చూసినప్పుడు కలిపిన ప్రతి రంగూ కాస్త ఎర్రగా అనిపించి, దాన్ని సరిచేయడానికి తెలియకుండానే ఆకుపచ్చో నీలమో మరికాస్త చేరుస్తాము. గొడుగు ముడిచేశాక ఎరుపు పోతుంది, చేర్చినది మాత్రం బొమ్మలో ఉండిపోతుంది. ధాన్యం మీద కప్పే నీలం బరకాన్ని నీడకోసం కట్టుకుంటే ఇదే తిరగబడి బొమ్మంతా పసుపు, నారింజల వైపు జరుగుతుంది. అరటితోటలో కూర్చుంటే ఆకుల్లోంచి దిగే వెలుగు కారణంగా ఎరుపు ఎక్కువవుతుంది. ఎండ పడుతున్న ఎర్ర చొక్కా, పసుపు చున్నీ కూడా తడి రంగు మీద తమ ఛాయను పడవేస్తాయి. ఎండకు నల్లబడే కళ్ళద్దాల్లోంచి చూస్తే దృశ్యమూ బొమ్మా రెండూ ఒకేలా మారతాయి కనుక నష్టం కొంత తక్కువే, కానీ సన్నని తేడాలు కంటికి ఆనవు.

పరీక్ష సులభం. తెల్ల కాగితాన్ని రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని కాన్వాసు పక్కన గుచ్చి, రెండోదాన్ని ఆరుబయట ఎండలో పెట్టి, రెండింటినీ ఒకే చూపులో చూడండి. లోపలి ముక్క మసకగా ఉండడం సహజమే. దానికి లేత నీలి ఛాయ ఉన్నా ఫరవాలేదు, అది ఆకాశపు వెలుగు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చల్లో ఏది కనిపించినా, నీలం కొట్టొచ్చినట్టు కనిపించినా, ఆ నీడ పనికిరాదు. పాతకాలపు నల్లగుడ్డ గొడుగు దీనికి అన్నిటికన్నా నమ్మకమైనది. పూల గొడుగులు ఎంత అందంగా ఉన్నా ఇంటి దగ్గరే వదిలి రావాలి. చొక్కా వెలిసిన బూడిద రంగుదైతే మేలు.

ఇప్పటికే పాడైన బొమ్మను గదిలో కూర్చుని జ్ఞాపకంతో దిద్దవద్దు. మర్నాడు అదే వేళకు అదే చోటికి వెళ్ళి, సరైన నీడలో ఆకాశాన్ని, నీటిని, ఇసుకను మాత్రం తిరిగి వేస్తే మిగతావి వాటికి లొంగుతాయి.

సమస్య: రంగులు బురదగా వస్తున్నాయి

మురికి టర్పెంటైన్ (రంగును పలచన చేసే, కుంచెను కడిగే ద్రవం), తుడవని కుంచె. అంతకుమించి వెతకనక్కరలేదు. నీటిరంగుల అలవాటుతో ప్రతిసారీ కుంచెను ముంచేవారికి ఇది తప్పదు. ముందు గుడ్డతో గట్టిగా తుడవాలి. అయితే వేసవిలో కాలువలు కట్టేశాక అడుగు బురద, మిగిలిన నీటి మడుగులు నిజంగానే బూడిద రంగులో ఉంటాయి. అప్పుడు బూడిదగా వచ్చిన బొమ్మను పాడైందనుకుని నీలం పూయకండి.

సమస్య: ఆరాక అక్కడక్కడా కాంతి లేకుండా పాలిపోయింది

ప్రైమర్ (రంగుకు ముందు బట్టకు వేసే పూత) పలచగా ఉన్న కాన్వాసు నూనెను పీల్చేసింది, లేదా టర్పెంటైన్ అతిగా కలిపారు. రంగు చేతికి అంటనంతగా ఆరాక అవిసె నూనెను ఆ మచ్చల మీద అతి పలచగా రుద్ది, మిగిలినదాన్ని తుడిచేస్తే రంగు తిరిగి తేరుకుంటుంది. ఇకముందు కొన్న కాన్వాసుకు ఇంకో పూత ప్రైమర్ వేసుకోండి.

మిగతావి

కాన్వాసు తేమకు వదులైతే మూలల చెక్క చీలలను మెల్లగా కొట్టండి. గాలికి ఈజిల్ కదిలితే మధ్యలో సంచి వేలాడదీయండి. దోమలు, పురుగులు అంటుకుంటే ఆరేదాకా ముట్టుకోకండి, తరువాత రాలిపోతాయి. వాన చినుకులు పడినా కంగారు లేదు. కాని నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి సంచిలో కుక్కవద్దు. అవిసె నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో చిక్కిన ఆ వేడికి గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. విడివిడిగా ఆరుబయట దండెం మీద వేయండి, లేదా నీళ్ళడబ్బాలో ముంచి మూతపెట్టండి.