పెరటి ఆకులతో బిస్కెట్లు – 3వ పాఠం: ఖారా బిస్కెట్

పోయిన పాఠంలో మైదాలో చల్లటి వెన్న నలిపి, రవ్వలా చేయడం దాకా వచ్చాం. ఈసారి అందులో ఆకు వేద్దాం. బెంగళూరు అయ్యంగార్ బేకరీల్లో అమ్మే ఖారా బిస్కెట్ పద్ధతే ఇది.

మైదా 150 గ్రాములు, ఉప్పు లేని వెన్న 75, పంచదార పొడి 15, ఉప్పు 3 గ్రాములు, బేకింగ్ పౌడర్ పావు చెంచా, జీలకర్ర అర చెంచా. కరివేపాకు 2 రెబ్బలు, తరిగిన కొత్తిమీర 2 పెద్ద చెంచాలు, పచ్చిమిర్చి 2. పెరుగు 1 పెద్ద చెంచా, చాలకపోతే ఇంకో అర.

ఈ బిస్కెట్ చెడిందంటే చాలాసార్లు ఆకు తడి వల్లే. కడిగిన ఆకును నూలుగుడ్డ మీద గంటసేపు ఫ్యాను కింద ఆరబెట్టండి. పైకి ఆరినట్టే కనిపిస్తుంది గానీ కొత్తిమీర కాడల సందుల్లో నీళ్లుంటాయి. గుప్పెడు తీసి కాగితంలో చుట్టి నొక్కండి. కాగితం చెమ్మగిల్లితే ఇంకాసేపు ఆగాలి. ఆ నీరు తగిలితే మైదాకు సాగుడు వస్తుంది, బిస్కెట్ గుల్లగా రాకుండా బిరుసెక్కుతుంది.

కరివేపాకు ఈనెలు తీసేసి, ఆకుల్ని పేర్చి చుట్టి, దారాల్లా తరగండి. పెద్ద ముక్కలుంటే కోసేచోట పిండి చిరుగుతుంది, పైకి లేచిన ఆకు అంచు మాడుతుంది. మిక్సీ జోలికి పోవద్దు, పసరు దిగుతుంది. పుదీనా అయితే మేం వేయం. ఓవెన్ వేడికి దాని ఘుమఘుమంతా పోతుంది. వామాకు బాగుంటుంది, కానీ దళసరి ఆకు, నిండా నీరే. 3 ఆకులు చాలు, పెరుగు సగానికి తగ్గించండి.

తరిగిన ఆకు ఉప్పు తగిలితే నీరు వదులుతుంది కాబట్టి సరిగ్గా పెరుగు పోయబోయే ముందు మాత్రమే కలపండి. చపాతీ పిండిలా పిసక్కండి, ముద్ద కట్టగానే చేయి తీసేయాలి. 6 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, కోసి, ట్రేతో సహా 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఇది మానేస్తే వెన్న ముందే కరిగి బిస్కెట్లు పరుచుకుపోతాయి.

ముందే వేడెక్కిన ఓవెన్‌లో 165 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు. అంచులు లేత గోధుమరంగుకు రావాలి. నడిమి భాగం వేడిలో మెత్తగానే ఉంటుంది, కంగారుపడి ఇంకో 5 నిమిషాలు పెట్టకండి, కొత్తిమీర చేదెక్కుతుంది. జాలీ మీద పూర్తిగా చల్లారాక విరిచి చూడండి. అప్పటికీ మధ్యలో చెమ్మగా ఉంటే 140 దగ్గర 6 నిమిషాలు మళ్లీ పెడితే సరిపోతుంది.

వచ్చే పాఠం గోధుమపిండితో. అక్కడ పెరుగు కొలత మారుతుంది.